మేనత్త వరస

నా కొడుకు కార్తీక్ బనీన్లు నేను చేత్తోనే ఉతుకుతాను. ఇంట్లో వాషింగ్ మిషన్ లేక కాదు. వెనక వరండాలో దర్జాగా ఉంది, దాని మీద అత్తయ్య కుట్టించిన పూల కవరు కూడా ఉంది. కానీ వాడి చంకలో గడ్డ కారుతుంటుంది గదా, ఆ చీము బట్టలు అందరి బట్టల్లో ఎట్లా కలుపుతాం అని ఆవిడ ముందే తేల్చేసింది. "విడిగా ఉతుక్కోవే. నీ బట్టలు కూడా." వాడివి సరే, నా బట్టలేం పాపం చేసినయ్యో నేనడగలేదు. వేణ్ణీళ్లల్లో నానబెట్టి, సబ్బు రుద్ది, మళ్లీ జాడించి ఆరేసేసరికి వంటింట్లోంచి కేక వస్తుంది, "ఏమే హిమజా, ఇంకా అవలేదా?" అని. ఆరేళ్ల పిల్లాడి బనీను ఎంత ఉంటుంది, అరచెయ్యంత. దాన్ని ఉతకటానికే నా బతుకంతా పడుతోంది.

అత్తయ్యంటే పరాయిది కాదు. మా నాన్నకి తోడబుట్టిన అక్క, సుబ్బరత్నం. పెళ్లికి ముందు "అత్తా, నువ్వు" అంటూ మెడకి వేలాడేదాన్ని. తాళి పడంగానే "అత్తయ్యా, మీరు" అయిపోయింది. నరసరావుపేటలో మా తాత కోటిలింగం పెట్టిన కిరాణా కొట్టుగానీ, ఆయన మనవలుగానీ గడప దాటగూడదని మావాళ్ల పట్టుదల. నన్ను అత్తయ్య కొడుకు వెంకటేష్ బావకిచ్చారు. బావ చెల్లెలు హరితని మా మహేష్ అన్నయ్యకి చేశారు. రెండు వైపుల చుట్టాలూ ఒకళ్లే కాబట్టి భోజనాల ఖర్చు కలిసొచ్చిందని అందరూ తెగ మురిసిపోయారు.

కార్తీక్ పుట్టగానే అందరు పిల్లలకీ చేసినట్టే వాడి ఎడమ భుజం మీద బీసీజీ టీకా చేశారు. నెలలు తిరక్కుండానే ఆ పక్క చంకలో గడ్డ లేచింది. టీబీ మందులు వాడితే తగ్గింది, ఆపితే మళ్లీ వచ్చింది. అది చాలనట్టు ఏటా టైఫాయిడ్. ఎవరో తుమ్మితే వీడికి జ్వరం. ఇంట్లో ఎవరికీ లేని ఈ పీడ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, అత్తయ్య దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "మా రక్తంలో ఇట్లాంటి రోగాల్లేవమ్మా. ఇది మాచర్ల బాపతు." మాచర్ల అంటే మా అమ్మ ఆదిలక్ష్మమ్మ. మా ఇళ్లల్లో బయట్నించి వచ్చిన కోడలు ఆమె ఒక్కతే. అందుకని చెడ్డదేదొచ్చినా ఆమె మీదుగానే రావాలి. పాపం మా అమ్మ కూడా నమ్మింది. చూడ్డానికొస్తే మనవణ్ణి ఎత్తుకోవటానికి కూడా జంకుతుంది, మూల కుర్చీలో కూర్చుని నిమ్మకాయ నీళ్లు తాగి వెళ్లిపోతుంది.

ఒక్కసారి మాత్రం, నేను గడ్డకి కట్టు మారుస్తుంటే, గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య మొహం పాలిపోయింది. "చిన్నప్పుడు మా బుడ్డోడికీ మెళ్లో ఇట్లాగే..." అని ఆగిపోయింది. బుడ్డోడెవరు అత్తయ్యా అంటే, "స్టవ్ మీద పాలు పొంగుతున్నయ్యేమో చూడు" అంది. స్టవ్ మీద పాలు లేవు. అత్తయ్యకి మా నాన్న గాక ఇంకో తమ్ముడున్నట్టు నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. అడుగుదామంటే నాన్న బతికి లేడు.

ఏ డాక్టర్ దగ్గరికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే. "మేనరికమా?" నేను నోరు తెరిచేలోపలే బావ చెప్పేవాడు, "కాదండీ, బయటి సంబంధం" అని. బయటికొచ్చాక నా మీద విసుక్కునేవాడు. "అవునంటే క్లాసు పీకుతారు. మనమేదో అడివి మనుషులమైనట్టు చూస్తారు. నువ్వు మాట్లాడకు." నేను మాట్లాడకుండా సంచీ మోసేదాన్ని. సంచీలో స్కానింగులు, వాడి బిస్కెట్లు, మార్చే బనీను. ఎవరూ నన్నేమీ అడిగేవాళ్లు కాదు.

పోయిన నెలలో హైదరాబాద్ డాక్టరమ్మ వాడి జీన్ టెస్ట్ రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి మా ఇద్దరి వంకా చూసింది. "బయటి సంబంధమన్నారు. రక్తం అట్లా చెప్పట్లేదే" అంది. ఆమె నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. టీబీ లాంటి క్రిములు అందరి ఒంట్లోకీ వస్తాయట, ఒళ్లు తరిమేస్తుందట. తరమటానికి కావలసిన జీను వీడిలో రెండు కాపీలూ చెడిపోయాయట. ఒకటి నా నుంచి, ఒకటి బావ నుంచి. ఒక్కటే చెడితే మనిషికేమీ కాదు, రెండూ కలిస్తేనే ఈ జబ్బు. "మీ ఇద్దరికీ ఒకే తాతో, నానమ్మో ఉండుండాలి. అక్కణ్ణుంచే వచ్చింది." మాచర్ల ఊసే లేదు. కొట్లో రోజూ దండ మారే కోటిలింగం తాత ఫోటో నా కళ్ల ముందుకొచ్చింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఆపుకున్నాను.

"ఆ గడ్డ కూడా టీకా వల్లే లేచింది. ఆ టీకా లోకానికంతా మంచిది, దాన్నేమీ అనొద్దు. మీ ఇళ్లల్లో పుట్టే పిల్లలకి మాత్రం ముందు రక్తపరీక్ష చేసి, ఆ తర్వాతే వెయ్యాలి. మీవాళ్లలో ఎవరన్నా కడుపుతో ఉన్నారా?"

"లేరు మేడమ్" అన్నాడు బావ.

ఇంట్లో హరిత తొమ్మిదో నెల పొట్టేసుకుని పురిటికొచ్చి ఉంది.

తిరిగొస్తూ దాచేపల్లి దగ్గర సిమెంటు లారీల వెనక కారు ఆగినప్పుడు బావ నోరు విప్పాడు. "దానికసలే బీపీ. ఇదంతా చెప్పి భయపెట్టకు." మరి టీకా సంగతేంది అన్నాను. "పుట్టనీ, చూద్దాంలే. అమ్మకి తెలిస్తే తాతని అన్నట్టవుతుంది. ఊళ్లో తలెత్తుకోగలమా?" కార్తీక్ నా ఒళ్లో నిద్రపోతున్నాడు. వాడి జబ్బుకన్నా ఈయన తల పెద్దదైపోయింది.

ఇంటికొచ్చాక మహేష్ అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఆస్పత్రులు తిరిగి తిరిగి నీకు మతిపోయిందే. నా బిడ్డకేమీ కాదు" అని పెట్టేశాడు. అమ్మకి చేశాను. నీ తప్పేం లేదమ్మా, రిపోర్టులో ఉంది అన్నాను. ఆమె అంది, "ఇన్నాళ్లూ పడ్డాగా. ఇంకో నాలుగేళ్లు పడతాలే. మీ అన్న కాపురంలో నిప్పులు పొయ్యకే తల్లీ." ఆవిడ కోసం నేను సంబరపడ్డానే, ఆ సంబరం ఆవిడక్కూడా అక్కర్లేకపోయింది. ఫోన్ పట్టుకుని చాకిరేవులాంటి ఆ వరండాలో కూర్చుండిపోయాను. ఇంటినిండా నావాళ్లే. పుట్టిల్లూ వాళ్లే, అత్తిల్లూ వాళ్లే. అలిగి పోవటానికి ఇంకో ఇల్లు కూడా లేదు నాకు.

హరిత మంచి పిల్ల. కాళ్లు వాచాయని నేను నూనె రాస్తుంటే, "వదినా, నువ్వు లేకపోతే నా గతేంది" అనేది. అత్తయ్య మంచం పక్కన కూర్చుని బత్తాయి వలుస్తూ లెక్కలేసేది. "ఆడపిల్లైతే మన కార్తీకుగాడికే. ఇల్లు దాటదు." వాణ్ణి ఆ గదిలోకి రానిచ్చేది కాదు, అంటుతుందని. పెళ్లికొడుకుని మాత్రం ఇప్పుడే ఖాయం చేసేసింది. నాలుగుసార్లు చెబుదామని నోరు తెరిచాను. హరిత పొట్ట మీద చెయ్యేసుకుని నవ్వుతుంటే మళ్లీ నూనె గిన్నె అందుకునేదాన్ని.

నిన్న మధ్యాహ్నం హరితకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఎర్రగా, గుప్పెళ్లు బిగించుకుని ఉంది. ఆస్పత్రి గదిలో అందరూ స్వీట్లు తింటున్నారు, నేను ఫ్లాస్కు కడుగుతున్నాను. మహేష్ అన్నయ్య ఇంకా దార్లో ఉన్నాడు. పిల్లల డాక్టరమ్మ వచ్చింది, వెనకే ట్రే పట్టుకుని నర్సు షెర్లీ. డాక్టరమ్మ పిల్ల గుండె వింటూ మామూలుగా అడిగింది, "మేనరికమా?"

"కాదమ్మా, బయటి సంబంధం" అంది అత్తయ్య, స్వీటు నములుతూనే.

షెర్లీ పిల్ల ఎడమ భుజం దూదితో తుడిచింది. ఫ్లాస్కు కింద పెట్టేశాను.

"ఆపండి సిస్టర్. మేనరికమే. నా కొడుక్కి ఈ టీకాతోనే గడ్డ లేచింది. జీన్ టెస్టులో మా ఇంటి రక్తంలోనే ఉందని తేలింది. పాపకి పరీక్ష చేశాకే వెయ్యమని హైదరాబాద్ డాక్టరు చెప్పారు."

"ఏమే! మంచీ చెడూ లేదా? నోర్ముయ్!" అత్తయ్య అరిచింది. బావ "హిమజా" అని పళ్లు నూరాడు. హరిత నా మొహం వంక, వాళ్ల అన్న మొహం వంక చూసి, మా ఇద్దరికీ ముందే తెలుసని అర్థమై గోడ వైపు తిరిగిపోయింది. ఈ ఇంట్లో నాకున్న ఒక్క మనిషీ అట్లా పోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా మంచం దగ్గర్నుంచి కదల్లేదు.

డాక్టరమ్మ సూదికి చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు తిరిగింది. ఇన్నేళ్లల్లో ఒక డాక్టరు మొదట నన్నడగటం అదే.

"మీరు పాపకి ఏమవుతారమ్మా?"

"మేనత్తని" అన్నాను. "మా మేనత్త నాకు చెప్పలేదు. అందుకని నేను చెప్తున్నాను."