మూడు సర్వర్ల ఉమ్మడి కాపురం

నీష్ నగర విశ్వవిద్యాలయంలో మూడు శాఖలకు మూడు సర్వర్లుండేవి. ఎవరి డిస్కు వారిది. ఒక ఏడాది నదుల శాఖ ల్యుబోద్రాగ్‌కు గొప్ప బుద్ధి పుట్టింది. మూడింటినీ వైర్లతో కలిపి డిస్కులన్నీ ఉమ్మడి చేద్దామన్నాడు. ఎవరేది దాచినా సొంత మిషన్లో ఒక ప్రతి, పక్క మిషన్లో ఒక ప్రతి ఉంటాయి, ఒకటి చచ్చినా రెండోది బతుకుతుందన్నాడు. ఆ పూట రకియా సారా తాగి, మనదంతా ఒకే కుటుంబమని ఏడ్చాడు కూడా. మొగవాళ్లు తాగి కుటుంబమన్నారంటే ఆడది తన సామాను మీద కన్నేసి ఉంచాలి.

విదోసావ ఉంచలేదు. ఆమెది యాసల శాఖ. తిమోక్ కొండ పల్లెల్లో ఇరవై ఏళ్లు తిరిగి ముసలమ్మల కబుర్లు, పాటలు, తిట్లు రికార్డు చేసుకొచ్చింది. వాళ్లలో ఇప్పుడు ఇద్దరే బతికున్నారు. ఆ గొంతులన్నీ దాచిన డిస్కు వారం నుంచి టకటకమని పళ్లు కొరుకుతోంది, నేడో రేపో చచ్చేలా ఉంది.

రెండో ప్రతి ఉందిగా అని తెర మీద చూస్తే, లేదు. దాచడానికి చోటు లేదట! ల్యుబోద్రాగూ, అతని జోడీ అయిన నక్షత్రాల శాఖ స్రెతెనూ తమ మిషన్లకు "మరమ్మతులో ఉంది" అని గుర్తు పెట్టేసుకున్నారు. ఆ గుర్తుంటే పరాయి సరుకు లోపలికి రాదు. వాళ్ల సరుకు మాత్రం వచ్చి ఈమె నెత్తిన కూర్చుంది. మా ఇంటికొస్తే ఏం తెస్తావ్, మీ ఇంటికొస్తే ఏం పెడతావ్!

విదోసావ వెళ్లేసరికి ఇద్దరూ బురెక్ రొట్టెలు తింటున్నారు.

"మీ మిషనుకేమైంది ప్రొఫెసర్ గారూ?"

"ఒంట్లో బాలేదు విదా," అన్నాడు ల్యుబోద్రాగ్, వేళ్లు నాక్కుంటూ.

"రెండు నెల్ల నుంచా?"

"ముసలిదైపోయిందమ్మా, పాపం."

"నాదానికన్నా నాలుగేళ్లు చిన్నదేగా."

స్రెతెన్ ఇకిలించాడు. "అయినా నీ ముసలమ్మలు చెప్పేదేముందిలే? గొర్రెల్ని తిట్టే తిట్లేగా!"

దున్నపోతు మీద వాన కురిసి ఏం లాభం? విదోసావ గదికొచ్చి తన మిషనుకూ అదే గుర్తు పెట్టేసింది.

రెండో ప్రతికి ఎక్కడా చోటు లేకపోతే ఆ మిషన్లు కొత్తగా ఎక్కించేవాటి మొదటి ప్రతినీ తీసుకోవు. గంట తిరక్కుండా ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు.

"విదా! మొరావా నది వరద వివరాలు ఎక్కడం లేదు! సాయంత్రానికి మంత్రిత్వశాఖకు పంపాలి! నీ మిషనుకేమైంది?"

"ఒంట్లో బాలేదు."

"పొద్దున బానే ఉందిగా!"

"అంటుజబ్బు కదండీ. మీవాటి నుంచే అంటుకుంది. ముందు మీవి లేస్తే, నాదీ లేస్తుందేమో."

ల్యుబోద్రాగ్ పక్కకు తిరిగాడు. "స్రెతెన్, నీ గుర్తు తియ్యి."

"నేనెందుకు? ఉమ్మడి అన్నది నువ్వు!"

"నక్షత్రాలు రేపూ ఉంటాయిరా, వరద ఉంటుందా?"

చివరికి ల్యుబోద్రాగే గుర్తు తీశాడు. సిగ్గుపడి కాదు, గతిలేక. సిగ్గుకు అతని దగ్గర ఎన్నడూ చోటు లేదు. ముసలమ్మలు ఒక్కొక్కరే అతని డిస్కులోకి నడిచారు, వాళ్ల వెనకే స్రెతెన్ నక్షత్రాలూ దూరాయి. ఆఖరి గొంతు చేరేదాకా విదోసావ తన గుర్తు తియ్యలేదు. మూడు గంటలు ల్యుబోద్రాగ్ నిలబడి గడియారం చూశాడు. ఆమె తనకొక్కదానికే కాఫీ కాచుకుంది. ఆ ఊళ్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

గురువారం ఆమె డిస్కు చచ్చింది. విదోసావ తలుపు బార్లా తీసి, తెర మీద ఒక పేరు నొక్కి, శబ్దం పెంచింది. ల్యుబోద్రాగ్ మిషన్లోంచి ఒక ముసలమ్మ దగ్గి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టింది.