గోడ అవతలి చెయ్యి

ఆంబ్రోజ్ హెస్లాప్ దగ్గర తుపాకీ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళ చేతికి మొదటి గంటలో ఒక్క తూటా కూడా రాదు. బెరిల్ టాలెంటైర్‌కూ రాలేదు. ఆల్‌స్టన్ ఊరి పైన కొండవాలు మీద, నవంబరు చలిగాలిలో, వేళ్ళు కొంకర్లు పోతుంటే ఖాళీ తుపాకీని మధ్యలో మడిచి తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. అంతే.

"తెరిచావా? రెండు గొట్టాల్లోంచీ వెలుతురు కనిపించిందా?"

"ఇందాకే చూశాను కదండీ."

"ఇందాకటిది ఇందాకే అయిపోయింది తల్లీ. చేతిలోకి వచ్చిన ప్రతిసారీ చూడాలి. నేను ఇచ్చినా చూడాలి, బిషప్పుగారు దీవించి ఇచ్చినా చూడాలి."

ఆయనకు డెబ్భై దగ్గర పడుతోంది. సన్నగా, ఎండిన కర్రలా ఉన్నాడు. మాటలో సరదా ఉంది గానీ కళ్ళు మాత్రం ఆమె చూపుడు వేలు మీద నుంచి కదలడం లేదు.

బెరిల్‌కు యాభై ఏడేళ్ళు. పావురాలు పొలంలో మొలకలు తినేస్తున్నాయి, వాటిని కొట్టడం నేర్చుకోవాలని ఫోన్‌లో చెప్పింది. అది అబద్ధం కాదు. కానీ పావురాల కోసమే అయితే గంటంపావు కారు నడుపుకుంటూ ఇంత దూరం రానక్కర్లేదు. పుట్టింటి పేరు చెప్పి ఉంటే ఆయన రమ్మనేవాడే కాదేమో. ఆమె రోలండ్ మిల్బర్న్ చెల్లెలు.

నలభై ఎనిమిదేళ్ళ క్రితం ఇరవయ్యేళ్ళ రోలండ్, అతని కంటే ఏడాది పెద్దవాడైన ఆంబ్రోజ్ కలిసి ఫెజెంట్ పక్షుల వేటకు వెళ్ళారు. పొలాల మధ్య రాతిగోడ దాటుతున్నప్పుడు రోలండ్ చనిపోయాడు. తూటాలున్న తుపాకీతోనే గోడ ఎక్కాడు, కాలు జారింది, పేలింది. ఆంబ్రోజ్ చెప్పింది అదే. విచారణలో రాసుకున్నదీ అదే. ఆ తర్వాత ఆంబ్రోజ్ తామిద్దరూ పెరిగిన లోయ వదిలి వెళ్ళిపోయాడు.

తండ్రి నేథన్ మిల్బర్న్ కొడుకు ఫోటోలన్నీ తీసేశాడు. "ఖాళీ చేశాకే గోడ దాటమని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. ఆ అజాగ్రత్త వెధవ వినలేదు," అనేవాడు. తల్లి ఆ మాట వింటూ వింటూనే పోయింది. తొంభై రెండేళ్ళ వయసులోనూ ఆయన నోట అదే మాట.

బెరిల్‌కు మాత్రం ఇంకోటి గుర్తుంది. అప్పుడామెకు తొమ్మిదేళ్ళు. రోలండ్ ఒక కర్రపుల్ల ఆమె చేతికిచ్చి, అది తుపాకీ అనుకోమని గోడ దాటించేవాడు. "ముందు తెరువు, బెరీ. తూటాలు తియ్యి. ఆ తర్వాతే గోడ." ఆమె మరిచిపోతే మళ్ళీ మొదటి నుంచి చేయించేవాడు. అలాంటి మనిషి ఆ రోజు ఎలా మరిచాడు? ఈ ప్రశ్న పెళ్ళయ్యాక న్యూకాసిల్‌కూ వెంట వచ్చింది, భర్త పోయి పుట్టింటికి తిరిగి వచ్చినప్పుడు ఆమెతోనే తిరిగి వచ్చింది.

రెండో గంటలో ఆంబ్రోజ్ ఆమె చెవులకు మూతలు, కళ్ళకు అద్దాలు పెట్టించి రెండు తూటాలు ఇచ్చాడు. "తుపాకీని చెంపకు ఆనించు. ఊపిరి బిగపట్టకు. గురి కోసం నేను ఎగరేసే మట్టి పళ్ళెం వెనక ఆకాశం ఉంటేనే కాల్చు. చెట్టు ఉన్నా, కంచె ఉన్నా వద్దు. దాని వెనక ఎవరున్నారో నీకు తెలియదు." మట్టి పళ్ళేలు గాల్లోకి లేచి, కిందికి పోయి గడ్డిలో పడ్డాయి. ఏడోది పగిలి నల్లటి పొడిగా రాలింది. బెరిల్‌కు తెలియకుండానే నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది.

"భలే! పావురాలు ఇవాళే మూటాముల్లె సర్దుకుంటాయి," అన్నాడు ఆంబ్రోజ్. "ఈ సేఫ్టీ మీట ఉంది చూశావూ, దీన్ని మాత్రం ఎన్నడూ నమ్మకు. ఇది ట్రిగ్గర్‌ను ఆపుతుందంతే. తుపాకీని ఆపదు."

చివర్లో, వేటలో నడవడం ఎలాగో చూపిస్తానని పొలం వైపు తీసుకెళ్ళాడు. పొగమంచు కిందికి దిగుతోంది. ఎదురుగా నడుమెత్తు రాతిగోడ, దాటడానికి అందులోంచి పొడుచుకొచ్చిన మూడు మెట్లు. ఆయన తన తుపాకీ తెరిచి తూటాలు జేబులో వేసుకున్నాడు. ఆమె చేతా అలాగే చేయించి, దాన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు దాటు. అవతల నిలబడి చెయ్యి చాచు. ఒక్కొక్కటే అందిస్తాను."

బెరిల్ దాటి చెయ్యి చాచింది. తుపాకీ రాలేదు. ఆయన దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని గొట్టాల్లోంచి చూశాడు. దించాడు. మళ్ళీ చూశాడు. అలా అయిదుసార్లు. మొహంలో రక్తం లేదు. పెదాలు కదులుతున్నాయి. "ఖాళీయే. చూడు, ఖాళీయే."

ఆయన చూపు ఆమె చేతి మీద లేదు. దానికి జానెడు పక్కన ఉంది.

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

"ఏం లేదు తల్లీ."

"ఎవరితో?"

ఆయన గడ్డంతో గోడ అవతలికి చూపించాడు. "అక్కడ రెండు చేతులున్నాయి. ఒకటి నీది. రెండోది ఏ గోడ దగ్గరైనా ఉంటుంది. నాకు అలవాటే."

బెరిల్ పక్కకు తిరిగి చూసింది. తడిసిన రాయి, దాని మీద నాచు. ఇంకేమీ లేదు. అయినా చాచిన చెయ్యి మీద చల్లటి ఊపిరి తగిలినట్టయి వెనక్కి లాక్కుంది.

"నా పుట్టింటి పేరు మిల్బర్న్," అంది. "రోలండ్ మా అన్న."

ఆంబ్రోజ్ తుపాకీలను ఒకదాని పక్కన ఒకటి గడ్డి మీద పడుకోబెట్టి, కింది మెట్టు మీద కూర్చున్నాడు. పారిపోయే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"వాడు ఖాళీ చేశాడు," అన్నాడు. "తెరిచి, తూటాలు తీసి, తుపాకీ నాకిచ్చి దాటాడు. అవతల నిలబడి, ఇప్పుడు నువ్వు నిలబడ్డట్టే, చెయ్యి చాచాడు. నాది కూడా తీసుకుందామని. నేను మూసిన తుపాకీ ఇచ్చాను. తూటాలతో. సేఫ్టీ వేసే ఉందిలే అనుకున్నాను. అంచు రాయికి తగిలి పేలింది."

గాలికి గడ్డి వంగింది.

"ఆ తర్వాత?"

"నా తుపాకీలోంచి కాలిన తూటా తీసి వాడి తుపాకీలో పెట్టాను. మూసి, వాడి పక్కన పడేశాను. అప్పటికి వాడింకా కళ్ళు తెరిచే ఉన్నాడు. నేను చేసేదంతా చూశాడు."

తనకు కోపం వస్తుందని బెరిల్ ఇన్నేళ్ళూ అనుకుంది. రాలేదు. గోడ దాటి ఆయన ముందుకు వచ్చింది. ఈసారి ఆమె నోట 'మీరు' రాలేదు.

"మా నాన్న బతికే ఉన్నాడు. తుపాకీలు పెట్టెలో పెట్టి తాళం వేసిరా. వచ్చి కారెక్కు."

దారిలో ఒకచోట ఆంబ్రోజ్ వణుకుతుంటే ఆమె హీటర్ పెంచింది. ఎందుకు పెంచానా అని తన మీద తనకే చిరాకేసింది.

నేథన్ వంటింట్లో పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. వచ్చింది ఎవరో చూడగానే గుర్తుపట్టాడు. "హెస్లాప్ కుర్రాడివి కదూ," అన్నాడు. ఆంబ్రోజ్ నిలబడే చెప్పాడు. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు.

ముసలాయన అంతా విని ఒకే మాట అడిగాడు.

"అయితే మావాడు ఖాళీ చేశాడా?"

"చేశాడండీ."

"మళ్ళీ చెప్పు."

"రోలండ్ తన తుపాకీ ఖాళీ చేశాడు."

మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఆంబ్రోజ్‌ను తిట్టలేదు, పొమ్మని కూడా అనలేదు. అసలు ఆ మనిషి అక్కడ ఉన్నట్టే చూడలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూతురి వైపు తిరిగాడు. "నేను వాణ్ణి నలభై ఎనిమిదేళ్ళు తిట్టాను, బెరిల్. వాడు నా మాట విన్నాడు. విన్నవాణ్ణి తిట్టాను."

మర్నాడు ఆంబ్రోజ్ తనంతట తానే పోలీసుల దగ్గరికి వెళ్ళి వాంగ్మూలం ఇచ్చాడు, తుపాకీలు వాళ్ళకే అప్పగించాడు. ఇంత పాత కేసును ఏం చెయ్యాలో వాళ్ళకు తేలడానికి నెలలు పడుతుందన్నారు. ఆంబ్రోజ్ తాను తుపాకీ నేర్పే మైదానం గేటుకు గొలుసు వేసేశాడు.

నేథన్ ఆ చలికాలమంతా కొడుకుతోనే మాట్లాడాడు. చీకటి పడే వేళ బెరిల్ వంటింట్లోకి వస్తే, ఖాళీ కుర్చీ వైపు వంగి ఏదో బతిమాలుతూ ఉండేవాడు. ఆమెను చూడగానే ఆపేసేవాడు. "ఏమన్నాడు నాన్నా?" అని ఒకసారి అడిగింది. "ఏమీ అనడు. అదే కదా నా బాధ," అన్నాడు. ఫిబ్రవరిలో ఓ ఉదయం ఆ కుర్చీకి ఎదురుగా కూర్చునే పోయాడు.

అంత్యక్రియల రోజు వాన. ఆంబ్రోజ్ చర్చి ప్రహరీ బయట, టోపీ చేతిలో పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. ఎవరూ పలకరించలేదు. బెరిల్ గొడుగు వేసుకుని గేటు దాకా వెళ్ళింది.

"లోపలికి రా."

"నన్ను రమ్మంటున్నావా?"

"క్షమించానని అనుకోకు. అది నాకు చేతనవుతుందో లేదో కూడా తెలియదు. కానీ రోలండ్‌ను దగ్గరగా ఎరిగినవాళ్ళలో ఇక మిగిలింది మనిద్దరమే."

ఆయన గొడుగు కిందికి రాలేదు. రెండడుగులు వెనకగా, వానలోనే ఆమె వెంట నడిచి, చివరి బల్ల మీద కూర్చున్నాడు.