కడగకూడని జాడీ

దగ్గరికి జరుగు బిడ్డా, నా మూతికి చెవి ఆనించు. నేను ఒక పింగాణీ జాడీని. ఒళ్లు మండిపోతోంది. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

బట్టీలో కాలి పుట్టాను. ముత్తవ్వ అనే ద్రాక్ష రైతు నన్ను ఆవకాయకని జాతరలో కొనుక్కుంది. ఆ ఏడు ఆమె తోట ద్రాక్షను చూసి మార్కెట్లో బేరగాళ్లు మొహం తిప్పుకున్నారు. ముత్తవ్వ కాయను వెనక్కి తోలుకొచ్చి, వాళ్లను తిట్టుకుంటూ నాలో పట్టినంతా పిసికింది. ఆవకాయ జాడీని కావలసినదాన్ని అలా వైన్ జాడీనయ్యాను. వైన్ తోడేశాక అడుగున మడ్డిని అలాగే ఉంచేది. మరుసటి ఏడు కొత్త రసం పొంగేది దానితోనే. అందుకే ఆ ఇంట్లో నన్నెవరూ కడగలేదు. కడగొద్దని ఎవరూ చెప్పనూ లేదు. అన్నం పారబోయొద్దని ఎవరికైనా చెప్పాలా?

ముత్తవ్వ పోయాక కోడలు బాలమణి చేతికొచ్చాను. ఒకరోజు రిసార్టు మేనేజర్ ప్రమోద్ వచ్చి, వైన్ రుచి చూసి కళ్లు మూసుకున్నాడు.

"ఆంటీ, లోకల్ వైన్‌కి మేం సపోర్ట్ చేస్తాం. ఈ జాడీని వారం రోజులు డిస్‌ప్లేకి ఇవ్వండి, మీ పేరు అందరికీ తెలుస్తుంది."

బాలమణి మురిసిపోయి నన్ను మడ్డితో సహా ఇచ్చేసింది.

రిసార్టుకు చేరగానే బ్లీచింగ్ పొడి వేసి తోమారు నన్ను. నోట్లో ప్లాస్టిక్ పూలు కుక్కారు. పక్కన 'మన పల్లె వైన్' అని బోర్డు పెట్టారు. గ్లాసుల్లో పోసింది మాత్రం ఎక్కడిదో ఫ్యాక్టరీ సరుకు. వచ్చినవాళ్లు అది తాగి, నా మీద చెయ్యేసి ఫొటోలు దిగి పోయారు. తోట ఎక్కడుందని ఒక్కరు అడిగితే ఒట్టు.

బాలమణి వచ్చింది. పూలు పీకి పడేసి, నాలో తల పెట్టి వాసన చూసింది.

"మడ్డి ఏం జేసిన్రు సారూ?"

"మురికిగా ఉంటే నీట్‌గా కడిగించాం ఆంటీ."

"అది మురికి గాదు. మా అత్త."

నన్ను చంకనెత్తుకుని ఆటో ఎక్కింది. తోటలో కాయ పండి ఉంది. మడ్డి లేదు. ముత్తవ్వ చేతి వైన్ ఇక లేనట్టే. ఆ మడ్డి ఊళ్లో ఇంకొక్కచోటే ఉంది. వెనకటికి ద్రాక్ష పిసకడానికి వచ్చే లింగమ్మ చెంబెడు తీసుకెళ్లి సొంతంగా జాడీ పెట్టుకుంది. అందుకని బాలమణి ఆమెను పని మానిపించింది. ఇప్పుడు ఆ గడపే తొక్కింది.

"పనికి రావద్దన్నదానివి, మా ఇంటికేం పనిబడె?"

"మడ్డి గావాలె లింగమ్మా."

"నన్ను దొంగదన్నవ్ గదనే, వాడకట్టంత ఇనేటట్టు."

"అన్న. తప్పైంది."

"గా మాట గూడ వాడకట్టంత ఇనేటట్టు అను."

బాలమణి గొంతెత్తి అంది. అప్పుడు లింగమ్మ చెంబు తెచ్చి నాలో ఒంపింది.

"ఇది నీకు గాదు. ముసల్దానికి."

నా కడుపులో రసం మళ్లీ బుసబుసమంటోంది, వినపడుతోందా? అయినా నా మంట చల్లారలేదు. ఎక్కడైనా అలాంటి బోర్డు కనిపిస్తే, తోట ఎక్కడ, పిసికింది ఎవరని అడుగు బిడ్డా. వాళ్లు నీళ్లు నమిలితే గ్లాసు కింద పెట్టేసి, బాలమణి తోటకో లింగమ్మ వాకిలికో రా. మెచ్చుకుని పోతే మాకేం ఒరగదు, సీసా కొనుక్కుని పో. ఈ కథ మనసులో పెట్టుకుని నీవాళ్లకు చెప్పు. ఆ రిసార్టు ముందునుంచి పోయేటప్పుడైతే, లోపలికి వినపడేట్టు చెప్పు.