బొట్టు పెట్టిన ఈ-సిమ్

ఆదివారం పొద్దున హాస్టల్ పిల్లలకు కిచిడీ వండిపెట్టి, గంజులు తోమించి, పుష్పాబాయి చివ్వెంలలో ఆటో ఎక్కుతుంది. సూర్యాపేట బస్టాండు కాడ దిగి నేరుగా వీరేందర్ మొబైల్ షాపుకు పోయి స్టూలు మీద కూర్చుంటుంది. ఐదు నెలల నుంచి నెలకొక ఆదివారం ఇదే పని. వీరేందర్ కూడా ఏం కావాలని అడగడు.

"ఇయాల ఏ దేశమక్కా?" అంటాడు, అంతే.

వీరేందర్ ఫోన్లు బాగుచేస్తాడు, రీఛార్జులు చేస్తాడు, విదేశం పోయేవాళ్లకు ఈ-సిమ్ములు ఇప్పిస్తాడు. ఈ-సిమ్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు, చేతికి చిక్కని సిమ్ము. ఒక కాయితం మీద నల్ల చుక్కల చదరం ఉంటుంది. దాన్ని ఫోన్ కెమెరాకు చూపిస్తే ఆ దేశపు ఇంటర్నెట్ ఫోన్లో ఎక్కి కూర్చుంటుంది. ఇక్కడ వైఫైలో ఎక్కించుకోవాలి, అక్కడ విమానం దిగినాక ఆన్ చేసుకోవాలి. మన సిమ్ము మన ఫోన్లోనే ఉంటుంది, ఓటీపీలు గీటీపీలు దానికొస్తాయి. ఇంతే సంగతి.

వీరేందర్ షాపులో ఒక పాత టేబుల్ ఫ్యాను కూడా ఉంది. ఆయన ఫోన్లో ఏ దేశం ప్యాకు తెరిస్తే ఆ ఫ్యాను ఆ దేశం గాలి తోలుతుంది. అది మొదటి నుంచీ అంతే. ఏప్రిల్ ఎండల్లో ఆటో డ్రైవర్లు వచ్చి "జర స్విట్జర్లాండు పెట్టరాదే" అని బతిమాలుతారు. "కొనేదుంటెనే పెడత, సర్దికి మందులు నేను తేవాల్నా?" అంటాడు వీరేందర్. పక్కన టిఫిన్ సెంటర్ శోభ మాత్రం గడుసుది. గల్ఫ్ బేరం వచ్చిందని తెలిస్తే చాలు, అప్పడాల పళ్లెం పట్టుకొచ్చి ఫ్యాను ముందు పెట్టేస్తుంది. సౌదీ గాలికి రెండు నిమిషాల్లో అప్పడాలు గలగలలాడతాయి.

ఇగ పుష్పాబాయి సంగతి చెప్తాను. అందరూ ముందు టికెట్ తీసి తర్వాత సిమ్ము చూసుకుంటారు. ఆమె ముందు సిమ్ము చూసుకొని తర్వాత టికెట్ తీద్దామని కూర్చుంది. ఎందుకంటే ఆమెకు పోవాల్సిన దేశమేదో తెలియదు.

ఆమె తమ్ముడు బిచ్చా ఆరేళ్ల కిందట గల్ఫుకు పోయాడు. పెన్‌పహాడ్ దగ్గరి తండా వాళ్లది. తల్లి వాడిని కని పోతే, పదకొండేళ్ల పుష్పాబాయి వాడిని చంకనేసుకొని పెంచింది. పోయేనాడు తండా అంతా డప్పులు కొట్టి సాగనంపింది. ఏ దేశమంటే ఏజెంటు "గల్ఫు" అన్నాడు, వీళ్లు అదే ఒక దేశమనుకున్నారు. ఏడాది దాకా ఫోన్ వచ్చేది, ఒక్కోసారి ఒక్కో నంబరు. "గీడ ఎండ మనకాడి లెక్కనే ఉన్నది బాయీ" అనేవాడు. వాళ్లు అక్కను బాయీ అంటారు. తర్వాత ఫోన్ ఆగిపోయింది. ఏజెంటు అప్పటికే దుకాణం ఎత్తేశాడు.

బతికున్నాడా అని ఎవరైనా నసిగితే పుష్పాబాయి కోపానికి వచ్చేది. పాస్‌పోర్టు తీయించింది. వేసవి సెలవుల్లో పది రోజులు, ఒక్క దేశం, అంతవరకే ఆమె శక్తి. ఆ ఒక్కటీ తప్పితే ఈ జన్మకు మళ్లీ పోయేది లేదు.

అందుకని గాలి చూసుకుంటోంది. వాడి వాసన ఆమెకు తెలుసు. చిన్నప్పుడు మాడు మీద ముక్కు పెట్టి చూసుకున్న వాసన. వాన వెలిసి, తడిసిన జొన్న చొప్ప ఆరుతుంటే వస్తుందే, దానికి జర దగ్గర. పెద్దోడై మీసాలొచ్చినా ఆ వాసన పోలేదు. కువైట్ గాలిలో డీజిలు, దుమ్ము. ఖతర్ గాలిలో తడి సిమెంటు. దుబాయి గాలిలో అత్తరు. ఒమాన్ గాలిలో చేపలు, వాటెనక సాంబ్రాణి. సౌదీ గాలి వస్తే కళ్లు మూసుకొని ఎంతసేపు పీల్చిందో, శోభ అప్పడాలు మాడిపోతాయని పళ్లెం తీసుకుపోయింది. ఏ గాలిలోనూ వాడు లేడు.

ఈ ఆదివారం మిగిలింది బహ్రెయిన్ ఒక్కటే. వీరేందర్ తెరిచాడు. ఉప్పుగాలి వచ్చింది. పుష్పాబాయి కొంగు తొలగించి ముఖం ముందుకు పెట్టింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తర్వాత కొంగు మళ్లీ తలమీదికి లాక్కుంది.

"లేడు," అంది.

వీరేందర్‌కు కూడా పానం ఉసూరుమంది. "అక్కా, ఒక మాట చెప్త. ఆరు దేశాలకు కలిపి ఒకటే ప్యాకు ఉంటది. యాడ దిగినా నడుస్తది. అది పెట్టి సూద్దామా?"

"పెట్టు."

పెట్టాడు. ఆరు దేశాల గాలులు ఒక్కసారే లేచినయి. రీఛార్జు బిల్లులు ఎగిరినయి, స్క్రీన్ గార్డుల డబ్బాలు కిందపడినయి, శోభ అప్పడాలు రెండు రోడ్డు దాటిపోయినయి.

"బంద్ చెయ్, బంద్ చెయ్!" అని అరిచింది పుష్పాబాయి. "సంతల పడ్డట్టున్నది. ఎవలు ఎవలో ఎట్ల తెలుస్తది?"

అప్పుడే ఫోన్ మోగింది. కోదాడలో టికెట్లు చేసే సాంసన్. ఆయన మాట మర్యాదగా ఉంటుంది గానీ తొందర ఎక్కువ.

"అమ్మా, ఇప్పటికైనా దేశం చెప్తారా? సోమవారం వీసాకి పెట్టకపోతే మీ సెలవుల్లోపు రాదు. నేను ఏ ఊరికని టికెట్టు తియ్యనండీ?"

"జర ఆగు అన్నా, సూస్తున్న."

"ఐదు నెలల్నించి చూస్తున్నారమ్మా! పెళ్లిచూపులు కూడా ఇన్నాళ్లు చూడరు."

పుష్పాబాయి ఫ్యాను వైపు చూసింది. అది ఏమీ తెలియనట్టు తల తిప్పుతోంది. ఒమాన్ గాలిలో సాంబ్రాణి ఉండె కదా, సాంబ్రాణి వేసే మనుషులు ఉన్నకాడ వీడు బతికే ఉంటాడులే అని మనసుకు నచ్చజెప్పుకుంది. అది లెక్క కాదని ఆమెకూ తెలుసు. లెక్కలన్నీ అయిపోయినాక మనిషి ఇట్లనే ఏదో ఒకటి పట్టుకుంటాడు.

"ఒమాన్ కొను తమ్మీ," అంది వీరేందర్‌తో. "అన్నా, ఒమాన్," అంది ఫోన్లో.

వీరేందర్ ఒమాన్ ప్యాకు తెరిచి, పది రోజులది ఎంచి, కొనే బటను మీద వేలు పెట్టబోయాడు.

"ఏందయ్యా వీరేందరూ! నన్ను వియత్నాంల పిచ్చోణ్ణి జేస్తవా ఏంది?"

మిర్యాలగూడ భానుప్రకాష్ సేటు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాళ్లది తాతల నాటి రైసు మిల్లు. మిల్లర్లంతా కలిసి కొత్త మిషన్లు చూడ్డానికి వియత్నాం పోతున్నారు. మొన్న ఇక్కడికి వచ్చి ఈ-సిమ్ కొని, నల్ల చదరం ప్రింటు తీయించుకొని పోయాడు.

"ఏమైంది సేటూ?"

"ఎన్నిసార్లు జూపెట్టినా ఫోన్ చదువుతలేదు. ఇగో!" అని జేబులోంచి కాయితం తీసి కౌంటరు మీద పెట్టాడు.

వీరేందర్ దాన్ని విప్పి చూశాడు. కాయితం నిండా పసుపు. నల్ల చదరం మూడు మూలల్లో మూడు డబ్బాలు ఉంటాయి కదా, ఆ మూడింటి మీద మూడు కుంకుమ బొట్లు, నిండుగా, గుండ్రంగా.

"సేటూ, గిదేంది?"

"పూజ జేయించినం. మా మిల్లుకు ఏ కొత్త సామాను వచ్చినా పూజ చేయకుండ వాడం. మోటరుకు జేస్తం, కాంటకు జేస్తం. సముద్రాలు దాటే వస్తువు, దీనికి జెయ్యొద్దా?"

"జెయ్యాలె సేటూ, కానీ ఆ మూడు డబ్బాలే దానికి కండ్లు. కండ్లల్ల కుంకుమ గొడితివి!"

"బొట్టు పెట్టనీకే ఇడిసిన జాగ అనుకున్నడు మావోడు. మూడు మూలలల్ల గంత మంచిగ డబ్బాలు గీసి ఉంటే ఎవ్వడైనా అట్లనే అనుకుంటడు!"

శోభ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. పుష్పాబాయికి కూడా నవ్వొచ్చింది, ఎంత దుఃఖంలో ఉన్నా.

"పరేషాన్ గాకు. మెయిల్ ఉన్నది, ఇంకో ప్రింటు తీస్త," అని వీరేందర్ నవ్వుకుంటూనే, చూద్దామని తన ఫోన్ కెమెరాను ఆ కాయితం మీద పెట్టాడు. కెమెరా తడుముకుంది. వియత్నాం అని దానికి అర్థం కాలేదు, ఇంకో దేశమనీ కాలేదు. ఫ్యాను రెండుసార్లు ఆగి ఆగి తిరిగింది. ఏ దేశమో తెలియక, ఆ బొట్లు పెట్టిన చోటి గాలి తోలడం మొదలుపెట్టింది.

ముందు వేడి ఆవిరి వచ్చింది. ఉడికిన వడ్ల వాసన. తర్వాత తవుడు, ఊక బూడిద.

"అరె, ఇది మా మిల్లు గాలే!" అని భానుప్రకాష్ సంబరపడ్డాడు. "ఇగో, ఇది బాయిలర్ కాడిది. కండ్లు మూసుకొని జెప్త."

పుష్పాబాయి స్టూలు మీద నుంచి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. రెండు చేతులూ కౌంటరు మీద ఆనించి నిలబడింది. ఆవిరి వెనక, బూడిద వెనక, సన్నగా, వాన వెలిసినాక ఆరుతున్న జొన్న చొప్ప.

"సేటూ," అంది. సేటు ఇంకా ఫ్యానునే చూస్తున్నాడు. మళ్లీ అంది. "సేటూ, ఈ బొట్లు ఎవలు పెట్టిన్రు?"

"మా బాయిలర్ కాడుండే అచ్చయ్య. ఎందుకమ్మా?"

"సొంత పేరేనా?"

"అట్లనే జెప్పిండు మరి. నాలుగేండ్లు దాటింది వచ్చి. మంచి పనోడు, నోట్ల మాటుండదు. పండుగకు ఊరికి పోరా అంటే బాయిలర్ సల్లబడతది సేటూ అంటడు. ఏ ఊరురా అంటే వినబడనట్టు ఊక ఎత్తుతడు. పని అయినంక మాత్రం పోయి గేటు కాడ కూసుంటడు, రోడ్డు దిక్కు సూసుకుంట."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఫోన్లో సాంసన్ ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"అమ్మా, ఉన్నారా? ఒమాన్ అన్నారు, మస్కట్‌కే కదండీ?"

పుష్పాబాయి ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది. "సాంసనన్నా, మిర్యాలగూడకు వీసా గావాల్నా?"

"మిర్యాలగూడకా? అదేంటమ్మా, ఎర్రబస్సెక్కితే పోతారు!"

"గదే పోత," అని పెట్టేసింది.

భానుప్రకాష్ కొత్త ప్రింటు చేతిలో పడగానే ఆమెను తన కారులోనే ఎక్కించుకున్నాడు. దారిలో ఆమె అంతా చెప్పింది. ఆయన మధ్యలో రెండుసార్లు "నా బాయిలర్ ఎవడు సూస్తడమ్మా మరి" అన్నాడు. మూడోసారి అనబోయి ఊరుకున్నాడు.

బిచ్చా ఊక తట్ట నెత్తిన పెట్టుకొని వస్తూ ఆమెను చూశాడు. తట్ట దించలేదు. పారిపోవడానికి అటు బాయిలర్, ఇటు గోడ. ఎందుకు దాక్కున్నాడో తర్వాత తెలిసింది. చెప్పిన పని అక్కడ లేదు, పద్నాలుగు నెలలకు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. డప్పులు కొట్టి సాగనంపిన తండాకు ఏ మొఖంతో పోవాలని ఒకరోజు ఆగాడు. ఆ ఒక్కరోజు నాలుగేళ్లు దాటింది.

పుష్పాబాయి వాడి దగ్గరికి పోయింది. తట్ట తీసి కింద పెట్టింది. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. అయినవాళ్లు చాలా రోజులకు కలిస్తే, ఆడమనిషి మెడ మీద చెయ్యి వేసి, రాగం తీసి ఏడుస్తుంది. ఉత్త ఏడుపు కాదు. విడిపోయిన నాటి నుంచి ఏమేం జరిగిందో అంతా అందులో చెప్తుంది. ఎన్ని రోజుల ఎడబాటు ఉంటే అంత పొడుగు. ఎదుటివాడు నడుమ మాట్లాడకూడదు, నిలబడి వినాలి.

ఆమెకు ఆరేళ్లది ఉంది. మొదటి ఏడు వచ్చిన ఫోన్లతో మొదలుపెట్టింది. రెండో ఏడు రాని ఫోన్ల కాడికి వచ్చేసరికి హమాలీలు బస్తాలు దించి నిలబడ్డారు. చచ్చిన మేనత్త, కూలిన గుడిసె, ఈనిన బర్రె, వాడు లేడని పెళ్లి వాయిదా వేసుకొని వేసుకొని చివరికి చేసుకున్న మేనకోడలు, అన్నీ వచ్చాయి. భానుప్రకాష్ సేటు చేతి సైగతో మిల్లు ఆపించాడు. ఊరంత మిల్లు ఊపిరి బిగబట్టినట్టయింది. ఆమె గొంతు ఒక్కటే ఆ రేకుల కింద తిరుగుతోంది.

బిచ్చా తల వంచుకొని విన్నాడు. ఊక బూడిద పట్టిన బుగ్గల మీద రెండు చారలు దిగాయి. నాలుగో ఏడు అయింది. ఐదో ఏడు మొదలైంది.

అప్పుడు వాడు, పద్ధతి తప్పి, ఇన్నేళ్లూ ఎవరితోనూ మాట్లాడని తండా మాటల్లో మెల్లగా అన్నాడు.

"బాయీ, మిగిలింది బస్సుల ఏడువు. నాలుగూ నలభైకి పెన్‌పహాడ్ బస్సు గేటు ముంగటికెళ్లే పోతది. ఆదివారం పది నిమిషాలు ముందే వస్తది."