కరెంటు తినని యంత్రం

పదకొండయినా గ్రాంటు ఆఫీసరు రాలేదు. పొద్దున ఎనిమిదింటి నుంచీ అక్క తొక్కుతూనే ఉంది. ఆయన వచ్చేసరికి యంత్రం ఆగి ఉంటే బాగుండదని ఓనరు ఆమెను దిగనివ్వలేదు.

అట్టపెట్టెలు చేసే కార్ఖానా అది. అట్టని రెండు ఇనుప రోలర్ల మధ్యకి తోస్తే మడత గీతలు పడి బయటికొస్తుంది. మొన్నటిదాకా ఆ రోలర్లను మోటారు తిప్పేది. ఇప్పుడు పాత సైకిలు సీటు, గొలుసు, పెడళ్లు తగిలించి ఉన్నాయి. తిప్పేది అక్క. తగిలించింది ఆమె తమ్ముడు. పదో తరగతి తప్పి ఫిట్టరైనవాడు. అక్కడి ఆడవాళ్లు అతన్ని "ఇంజనీరు" అని ఏడిపిస్తుంటారు.

"ఒరేయ్ ఇంజనీరూ, పెడలు కిందికెళ్తే కాలు అందట్లేదురా. వేళ్లతో తోస్తున్నా. పిక్క పట్టేస్తోంది" అంది అక్క.

అతనికి తల కొట్టేసినట్టయింది. సీటు ఎత్తు తన కాళ్లకి కొలుచుకుని వెల్డింగు చేసేశాడు. దాని మీద మగవాడెవడూ కూర్చోడని తెలిసి కూడా! మూడు వందలకి రోజంతా తొక్కే మగవాడు ఎక్కడ దొరుకుతాడు?

నిజానికి అతను చేయాలనుకున్నది ఈ యంత్రం కాదు. మోటారుని సగం కరెంటుతో నడిపే గేర్ల కోసం ఏడాది పాటు ఆదివారాలన్నీ తగలేశాడు. అది చక్కగా తిరిగింది కూడా. ఈలోగా ప్రభుత్వం చిన్న కార్ఖానాలకి కరెంటు రేటు పెంచింది. ఆ చేత్తోనే, కరెంటే వాడని యంత్రం కనిపెడితే రెండు లక్షల గ్రాంటు ఇస్తానంది. సగం వాడేవాళ్లకి చిల్లిగవ్వ లేదు.

"సగం తిన్నా తిన్నట్టే కదయ్యా" అన్నాడు ఓనరు. "మోటారు రోజుకి నాలుగు వందల యాభై తింటోంది. మనిషి దానికన్నా చవక. ఎనిమిది రోజుల్లో పెడళ్లు పెట్టి చూపించు, నిన్ను ఫోర్‌మన్‌ని చేస్తా."

ఇంజనీరు ఆరు రోజుల్లోనే చేసిపెట్టాడు. పైగా ఈలలు వేసుకుంటూ చేశాడు. అది తలుచుకుంటేనే ఇప్పుడతనికి సిగ్గేస్తోంది.

పన్నెండింటికి ఆఫీసరు ఫోటోగ్రాఫరుని వెంటబెట్టుకుని వచ్చాడు. పాపం, చెడ్డవాడేం కాదు. యంత్రం చుట్టూ తిరిగి చూసి, "పొగ లేదు, కరెంటు లేదు! ఇలాంటి బుర్రలే కావాలయ్యా మనకి. ఇది పాసైతే వంద కార్ఖానాలకి ఇదే మోడలు" అంటూ ఇంజనీరు వీపు తట్టాడు.

"కాస్త నవ్వుతూ తొక్కమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫరు.

అక్క నవ్వింది. పని పోతుందన్న భయంతో నవ్వే నవ్వది. తమ్ముడు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది?" ఆఫీసరు అడిగాడు.

"ఎన్నయినా సార్. మోటారులాగా వేడెక్కదు" అన్నాడు ఓనరు.

"వేడెక్కేది మేమే కదా బాబూ" అంది అట్టలు అందించే ముసలామె. అందరూ నవ్వారు, ఆఫీసరుతో సహా. ఇంజనీరుకి నవ్వు రాలేదు. వంద కార్ఖానాలంటే వంద సీట్లు. వాటి మీద కూర్చునేవాళ్లంతా ఎవరో ఒకరి అక్కలే.

ఆఫీసరు ఫారం తీశాడు. "కనిపెట్టినవాడి చేత్తోనే నింపాలి. రూలది."

పేరు రాశాడు. వయసు రాశాడు. మూడో ప్రశ్న: యంత్రం దేనితో నడుస్తుంది?

"ఏదీ అక్కర్లేదని రాయి" అన్నాడు ఓనరు అతని చెవిలో.

ఇంజనీరు అక్క కాళ్ల వంక చూశాడు. తర్వాత రాశాడు: మా అక్క కాళ్లతో.

"బుద్ధుందా నీకు? కొట్టెయ్!" అని కసిరాడు ఓనరు.

"కొట్టెయ్యను సార్. అబద్ధమైతే చెప్పండి, కొట్టేస్తా."

ఆఫీసరు ఫారం వంకా, పెడళ్ల వంకా చూశాడు. ఇంజనీరు యంత్రం దగ్గరికెళ్లి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"దిగక్కా. ఇంక చాలు."

అక్క చెయ్యి విడిపించుకుంది. "ఎక్కించేటప్పుడు నన్నడిగావా? ఇప్పుడు దిగితే రేపు పొయ్యి మీద ఏం పెట్టనురా?"

ఆమె ఓనరు మొహం వైపే చూస్తూ, కాలివేళ్లతో పెడలుని అందుకుని తొక్కుతూనే ఉంది.