జేబులో ఆగిన వేళ్ళు

నేను ఒక నెయిల్ కట్టర్‌ని. రెండు ఉక్కు రేకులు, ఒక మీట, మధ్యలో చిన్న సీల. మా జాతి మీద మొదట్నుంచీ అనుమానమే. విమానాశ్రయాల్లో మమ్మల్ని కత్తులతో పాటు లాక్కుంటారు, గోరు తప్ప దేన్నీ కొరకని వాళ్ళం. మనుషులు దేన్ని చూసి భయపడతారో, దేన్ని చూసి నవ్వి ఊరుకుంటారో నాకిప్పటికీ సరిగా అర్థం కాదు.

ఏలూరులో ఒక సూపర్ మార్కెట్. సబ్బుల వరస చివర, ప్లాస్టిక్ గిన్నెలో నాలాంటివి ముప్ఫై దాకా ఉండేవి. పైన కెమెరా.

ఒక మధ్యాహ్నం సలోమి వచ్చింది. ఎదురుగా ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు, పదహారేళ్ళ సర్వీసు. వచ్చే నెల థియేటర్ ఇన్‌చార్జిని చేస్తామని మేట్రన్ మాట ఇచ్చింది. ఆ ఉదయం అదే మేట్రన్ ఆమె చేతులు చూసి, "ఇన్‌చార్జి కాబోయేదానివి, ఆ గోళ్ళేంటి సలోమీ?" అందట. అందుకే భోజనం వేళ తెల్ల కోటు విప్పకుండానే రోడ్డు దాటి వచ్చింది.

నన్ను తీసి, మీట నొక్కి చూసింది. అంతలో ఫోను మోగింది. చెయ్యి తనంతట తనే నన్ను కోటు జేబులో పడేసింది. థియేటర్ నర్సుల చేతులంతే. కత్తెర, ప్లాస్టరు చుట్ట, పెన్ను, ఏది పట్టుకున్నా జేబులోకే పోతుంది. ఇక్కడివరకూ ఆమె తరఫున ప్రమాణం చేస్తాను.

ఆ జేబులో అప్పటికే ఒక తాళంచెవి ఉంది. మత్తు ఇంజెక్షన్ల అలమారాది.

ఆ తర్వాత జరిగిందే నన్ను వదలదు. బిల్లు కౌంటర్ దగ్గర, ఫోన్లో మాట్లాడుతూ తీసుకున్న సబ్బు ఒక చేతిలో ఉండగా, ఆమె చిల్లర కోసం జేబులోకి వేళ్ళు దించింది. అవి నన్ను తాకాయి. ఊపిరి బిగబట్టినంత సేపు ఆగాయి. తర్వాత చిల్లర పట్టుకుని పైకి వెళ్ళిపోయాయి. నన్ను గుర్తుపట్టాయా, కత్తెర అనుకున్నాయా? నాకు తెలిసేది చర్మమే. లోపల ఏముందో తెలియదు.

గుమ్మం దగ్గర సెక్యూరిటీ సింహాద్రి చెయ్యి అడ్డం పెట్టాడు. "జేబులోది కూడా చూపించండి మేడం."

సలోమి నన్ను బయటికి తీసింది. "అయ్యో, మర్చిపోయానండి."

"అందరూ అదే అంటారు మేడం. గుర్తుండే తీశానని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు."

మేనేజరు కాగితం రాయించాడు. 'పొరపాటున జేబులో వేసుకున్నాను' అని రాసింది.

"ఆ పొరపాటున అన్నది కొట్టేయండి. అది ఉంటే ఇంక ఈ కాగితమెందుకు?" అన్నాడు మేనేజరు.

అద్దాల అవతల ఆసుపత్రి గేటు కనిపిస్తోంది. త్వరగా బయటపడాలని కొట్టేసింది. నన్ను చేత్తో పట్టుకుని నిలబడమని ఆమెకు ఫోటో తీసి, బిల్లు వేసి, నన్ను ఆమెకే ఇచ్చేశారు. ఫోటో ఆ వీధి దుకాణాల వాట్సాప్ గ్రూపులో పడింది. అందులో ఆసుపత్రి మందుల షాపాయన కూడా ఉన్నాడు. ఆమె డ్యూటీ దిగేలోగా నేను మేట్రన్ ఫోన్లో ఉన్నాను.

"నువ్వలాంటిదానివి కాదని నాకు తెలుసు," అని మేట్రన్ చెయ్యి చాపింది. "తాళంచెవి ఇటివ్వు."

జేబులో తాళంచెవి చోట నేను మిగిలాను.

ఇన్‌చార్జి పదవి సలోమి పని నేర్పిన విమలకు వెళ్ళింది. రెస్ట్ రూములో మేకులకు వేలాడే హ్యాండ్‌బ్యాగులు ఒక్కొక్కటే బీరువాల్లోకి చేరాయి. "రూలు సిస్టర్, ఏమీ అనుకోకండి," అంటూ విమల ఆమె వాడిన ఖాళీ మందు సీసాల్ని రెండేసిసార్లు లెక్కపెట్టేది. ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఆమె వేళ్ళు లోపలికి వచ్చినప్పుడల్లా, దేనికొచ్చాయో అని కాచుకుని ఉండేదాన్ని.

రెండు నెలల తర్వాత ఒక రోజు, ఆపరేషన్ అయ్యాక, మత్తుమందు సీసా ఒకటి తగ్గింది. సలోమి వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ చాలా కష్టపడ్డారు. ఆమె చెయ్యి మాత్రం ఎవరూ అడక్కుండానే సొంత జేబులోకి దూకింది. జేబు తిరగదీసింది. కత్తెర, పెన్నుతో పాటు నేనూ నేలమీద టక్కున పడ్డాను. ఆ వేళ్ళు జేబు కుట్లు కూడా వదలకుండా తడిమాయి. ఏమీ లేదని చూపించడానికి కాదు, నిజంగానే ఉందేమోనని వెతికింది.

అప్పుడే మత్తు డాక్టరు శేషగిరి టీ తాగి వచ్చాడు. కోటు తడుముకుని, "అరెరే, నా జేబులోనే ఉండిపోయిందమ్మా," అన్నాడు.

"మీ మతిమరుపుతో చచ్చిపోతున్నాం సార్," అంది విమల. అందరూ హాయిగా నవ్వారు. ఆయన్ని ఎవరూ కాగితం రాయమనలేదు.

మర్నాడు మేట్రన్ సలోమిని పిలిచి తాళంచెవి బల్లమీద పెట్టింది. "మళ్ళీ నీ దగ్గరే ఉంచుకో. ఇన్‌చార్జి సంగతి కూడా మెల్లగా చూద్దాం."

"అలమారా తీసేటప్పుడు ఎవరైనా పక్కన ఉండాలండి."

"ఎందుకే? మేమంతా నమ్ముతున్నాం కదా."

"మీరు నమ్ముతున్నారండి," అంది సలోమి. తాళంచెవి బల్లమీదే ఉండిపోయింది.

ఇప్పుడు నా సీల వదులైంది, పదును పోయింది. అయినా నన్ను పారెయ్యదు. రోజూ ఇంటికి వెళ్ళేముందు జేబులోవన్నీ బెంచీమీద పరుస్తుంది. కత్తెర, ప్లాస్టరు చుట్ట, పెన్ను. చివర నేను. ఒకసారి ఎవరూ లేనప్పుడు నన్ను అరచేతిలో పెట్టుకుని, "అప్పుడు నాకు తెలుసా?" అని అడిగింది. ఆ ప్రశ్న మేనేజరు అడగలేదు, మేట్రన్ అడగలేదు.

అన్నీ తిరిగి జేబులో పెట్టుకున్నాక ఆమె వేళ్ళు మరోసారి లోపలికి వస్తాయి. నామీద ఆగుతాయి, ఊపిరి బిగబట్టినంత సేపు.