గొట్టం వెనకున్న బండి

మాస్టారి ఉద్యోగం కొత్త సిపాయిలకు కవచం బళ్ళను గుర్తుపట్టడం నేర్పడం. చెప్పుకోవడానికి చిన్న పనే, కానీ అందులో ఆయనంత చాదస్తుడు మరొకడు లేడు. శత్రువులవీ మనవీ ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన బళ్ళాయె. అవే ఎనిమిది చక్రాలు, అదే మొహం. తేడా అల్లా పొగగొట్టంలోనే. మన బండికి కుడిపక్కన, వాళ్ళ బండికి వెనక. "రంగు చూసి మోసపోకండి. గొట్టం చూశాకే కొట్టండి" అని చిలక్కి చెప్పినట్టు చెప్పేవాడు. ఇంట్లోనూ అదే గోల. అన్నం దగ్గర అగ్గిపెట్టెకి పుల్ల గుచ్చి చూపించీ చూపించీ, తమ్ముడి భార్య, మరదలికి కూడా కంఠతా వచ్చేలా చేశాడు.

కిందటి సెలవులో తమ్ముడొచ్చాడు. అలాంటి బండికే డ్రైవరు వాడు.

"పొగంతా పైన కూర్చున్నవాళ్ళ మొహానే కొడుతోంది అన్నయ్యా. వర్క్‌షాపులో మా బండి గొట్టం వెనక్కి తిప్పించేశాం. హాయిగా ఉంది."

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. "కొంప ముంచుతావురా! వెళ్ళగానే మళ్ళీ పక్కకి పెట్టించు."

"సరే మహాప్రభో, పెట్టిస్తాలే" అని వాడు నవ్వేశాడు.

ఇవాళ పొద్దున మాస్టారి ఫోనుకి పాత శిష్యుడొకడు ఫొటో పంపాడు. మంటల్లో కవచం బండి. కింద, "గురువుగారూ, మీరు చెప్పినట్టే గొట్టం చూశాకే కొట్టాం. లోపల ఒక్కడూ మిగల్లేదు."

మాస్టారు మురిసిపోతూ ఫొటో పెద్దది చేశాడు. గొట్టం వెనకే ఉంది. కానీ కుడిపక్కన, మన బళ్ళకి గొట్టం ఉండే చోట, వంకరటింకరగా రేకు అతుకు. ఫ్యాక్టరీవాళ్ళు అలాంటి అతుకులు వెయ్యరు. ఆయనకు ముందు తమ్ముడి మీద కోపం వచ్చింది, తర్వాత శిష్యుడి మీద, ఆ తర్వాత తన మీద. ఏడుపు మాత్రం రాలేదు.

టీ తెచ్చిన మరదలు ఫోనులో మంటలు చూసి ఆగిపోయింది. మొగుడి కబురు తెలియక కొన్నాళ్ళుగా ఆమెకి తిండి సయించడం లేదు.

"ఎవరిది బావగారూ?"

ఏ బండి ఎవరిదో చెప్పడానికి ఆయనకెప్పుడూ చిటికె చాలు. ఇప్పుడు ఫోను బోర్లించాడు.

"చెప్పండి. మనదా, వాళ్ళదా?"

"గొట్టం వెనకుంది" అన్నాడు. అది అబద్ధం కాదు.

"అమ్మయ్య, వాళ్ళదే!" ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "టీ చల్లారిపోతుంది, తాగండి. నేనూ కాస్త తింటాను, ఆకలేస్తోంది."

వంటింట్లోంచి కంచం చప్పుడు వినిపించింది.